‘ఏరు’ అంటే వాగు కాదు సార్, మంచినీళ్ళు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చర్ల. బస్టాండుకి కాస్త ఇవతల నాకో రీఛార్జ్ కొట్టు ఉంది. జిరాక్సు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, చిప్పుల్లో పాటలు ఎక్కించడం కూడా చేస్తాను. 2008లో కొట్టు తెరిచిన రోజు నుంచీ మీ పేపర్ వేయించుకుంటున్నాను. నేను చదివి పక్కన పెడితే టీ కొట్టు ఆయన, ఆటోవాళ్ళు, చివరికి బజ్జీల బండి ఆమె వరుసగా అందుకుంటారు. ఒక్క పేపర్‌కి అరడజను మంది పాఠకులని లెక్కేసుకోండి. ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు.

మొన్న మే నెలలో మా జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీల గూడెం ఒకటుంది, ఆ గూడెం వాళ్ళు వాగు దాటలేక అవస్థ పడుతున్నారని, వంతెన కట్టమని వేడుకుంటున్నారని. ఫొటో బాగా వచ్చింది. ఒక ముసలాయన చెయ్యి చాపి ఏదో చూపిస్తున్నాడు. ఆయన నాకు తెలుసు, ఆ గూడెమూ తెలుసు. మే నెలలో ఆ వాగులో తొండలు పరిగెడుతుంటాయి సార్. దాటితే చెప్పులు కూడా తడవవు. ఆయన విలేకరితో అన్న మాట "ఏరు, ఏరు" అని. మనకు ఏరంటే వాగు. వాళ్ళ భాషలో ఏరంటే నీళ్ళు. బోరింగ్ చెడిపోయి నెల దాటింది, తాగడానికి చుక్క లేదు మొర్రో అని ఆయన మొత్తుకుంటే, మీ పేపర్ ఆయనకి వంతెన అడిగింది.

నవ్వుకుని వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆ గూడెం కుర్రాడు ఒకడు ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని నా కొట్టుకు వచ్చాడు. గల్లా మీద పరిచి, "దాదా, ఇది మేం చెప్పలేదు. దీన్ని మార్చడానికి ఎవరికి ఫోన్ చేయాలి?" అన్నాడు. దాదా అంటే వాళ్ళ మాటలో అన్న. ఎవరికి ఫోన్ చేయాలో నాకూ తెలియలేదు. అందుకని మీకే రాస్తున్నాను.

మా మండల విలేకరి మీద నాకు కోపం లేదు. సత్తుపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దసరాకీ సంక్రాంతికీ యాడ్స్ తెమ్మని పైనుంచి ఒత్తిడి. నా కొట్టుకి కూడా వచ్చి శుభాకాంక్షల యాడ్ ఒకటి ఇప్పించుకుపోయాడు పాపం. అలాంటివాడు సొంత పెట్రోలు పోసుకుని అడవిలోకి వెళ్ళాడంటే మెచ్చుకోవాల్సిందే. వాడికి రాని భాష గురించి వాడిని తిట్టి లాభం లేదు. ఆ భాష వచ్చిన మనిషి మీ దగ్గర ఒక్కడూ ఎందుకు లేడన్నదే నా బాధ.

గుత్తికోయలన్న పేరు మనం పెట్టిందే. వాళ్ళనడిగితే మురియా అనో, దోర్లా అనో, కోయ అనో చెబుతారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు, సర్కారు అండతో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరంలోకి వెళ్తే లోపలివాళ్ళకు, అంటే మావోయిస్టులకు, కోపం, వెళ్ళకపోతే జుడుం వాళ్ళకు కోపం. ఆ రెండింటి మధ్య నలిగి వేలమంది చెట్టూ పుట్టా పట్టుకుని ఇటు దాటారు. అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. నా కొట్టుకు మొదటి గిరాకీలో సగం వాళ్ళే. నలుగురు కలిసి ఒక చైనా ఫోన్ కొనేవారు. సిమ్ ఒకరిది, చిప్పు ఒకరిది, చార్జింగ్ డబ్బులు ఇంకొకరివి.

వాళ్ళ ఈడు కుర్రాళ్ళకి అటుపక్క దొరికిన ఉద్యోగం స్పెషల్ పోలీస్. ఐదో తరగతి దాకా చదివితే చాలు, నెలకు 3000 రూపాయలు, చేతికి తుపాకి. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెప్పిన ఇద్దరిలో ఒకరు మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు. 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఆయన నిలబడినప్పుడు ఆ తీర్పు మళ్ళీ పేపర్లకెక్కింది. వారం రోజులు మీరూ రాశారు, టీవీల్లో అరుచుకున్నారు. తప్పొప్పులు పెద్దలు తేల్చుకుంటారు, నేను అందులోకి పోను. కానీ ఆ తీర్పు ఎవరి బతుకు గురించి వచ్చిందో ఆ మనుషులు మా మండలంలోనే మిర్చి కోస్తున్నారు. ఇరవై ఏళ్ళ కింద ఏం జరిగిందయ్యా అని వాళ్ళను అడిగినవాడు నా ఎరుకలో ఒక్కడూ రాలేదు. మా కొట్టుకి పది నిమిషాల దూరంలో సాక్షులుంటే, హైదరాబాద్ స్టూడియోల్లో వాదన జరిగింది.

జిరాక్సు కాగితాలు చుట్టి ఇవ్వడానికి పాత పేపర్లు తీసినప్పుడల్లా చూస్తుంటాను. వాళ్ళు ఎప్పుడు వార్తవుతారు? ఎదురుకాల్పుల్లో ఇంతమంది. లొంగిపోయినవారు ఇంతమంది. ఇన్‌ఫార్మర్ నెపంతో ఒకరి హత్య. అటవీ సిబ్బంది గుడిసెలు తీసేశారు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజర్‌ను పోడు గొడవలో నరికి చంపారు. అది ఘోరం, చేసినవాళ్ళకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ నెలంతా మా కొట్టు ముందు సిమ్ కోసం నిలబడ్డ ప్రతి గుత్తికోయ కుర్రాణ్ణీ జనం చూసిన చూపు వేరు. పేపర్లో "గుత్తికోయల ఘాతుకం" లాంటి హెడ్డింగులు చూసిన కళ్ళు అవి. మన కులాల్లో ఒకడు హత్య చేస్తే హెడ్డింగులో కులం పేరు పెట్టి రాస్తామా?

లొంగుబాటు ఫొటో సంగతి సరే సరి. వరసగా నిలబడ్డ పిల్లలు, ముందు బ్యానర్, చేతిలో చెక్కు. ఒక్కరి నోట ఒక్క మాట ఉండదు.

నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. 1980లో మన తెలుగు నక్సలైట్ దళాలు గోదావరి దాటి బస్తర్ వెళ్ళాయి. వెళ్ళినవాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి గోండి నేర్చుకోవడం. మా దగ్గరి కోయ మాట దానికి చుట్టమే. ఆ భాషలోనే పాటలు కట్టారు, చేతన నాట్య మంచ్ పేరుతో పిల్లల చేత ఆడించారు, పాడించారు. తర్వాత పోలీసులూ అదే దారిలోకి వచ్చారు. 2020లో దంతెవాడ పోలీసులు లొంగుబాట్ల కోసం మొదలుపెట్టిన కార్యక్రమం పేరు ‘లోన్ వర్రాటు’. లోన్ అంటే ఇల్లు. ఇంటికి రండి అని. ఏ హిందీ నినాదమూ అంత సూటిగా తగలదని ఎవరో తెలిసినవాడే పెట్టి ఉంటాడు. అంటే తుపాకి పట్టిన రెండు పక్షాలూ ఆ భాష నేర్చుకున్నాయి. నేర్చుకోనిది పెన్ను పట్టినవాళ్ళే. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవాళ్ళు దాదాపు 30 లక్షలు, కోయ అని విడిగా రాయించుకున్నవాళ్ళు ఇంకో 4 లక్షలు. బోడో మాట్లాడేవాళ్ళు 15 లక్షల లోపే, అయినా బోడో రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, ఎనిమిదో షెడ్యూల్లో ఉంది. వీళ్ళది లేదు. ఇది మీకు తెలియంది కాదు, ఊరికే గుర్తు చేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 2010 తర్వాత ఎప్పుడో, ఒక సంత రోజు ఇద్దరు పిల్లలు నా దగ్గర పది రూపాయల టాపప్ వేయించుకుని, 080తో మొదలయ్యే బెంగళూరు నంబర్ ఒకటి కొట్టి ఇవ్వమన్నారు. బెంగళూరులో మీకెవరున్నార్రా అన్నాను. నవ్వారు. అదే ‘సీజీనెట్ స్వర’. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌదరి గారు మొదలుపెట్టింది. ఫోన్ కలిస్తే గొంతు వినిపిస్తుంది: మీ మాట చెప్పాలంటే 1 నొక్కండి, వినాలంటే 2 నొక్కండి. అంతే. చదువు అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మొదట్లో కాల్ డబ్బులు పోయేవి, తర్వాత మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచే తిరిగి వచ్చేది.

ఆ పిల్లల్లో ఒకడు 1 నొక్కి, ఫోన్ మైకు దగ్గర నోరు పెట్టి, ఊరు పేరు, తన పేరు చెప్పి, అటుపక్క వాళ్ళ మేనమామ ఊళ్ళో ఉపాధి పని చేసిన కూలి రాలేదని గోండిలో చెప్పాడు. నుదుటి మీద చెమట. పెట్టేశాక, "అయిపోయిందా?" అని నన్నే అడిగాడు. అయిపోలేదు. అటువైపు కూర్చున్నవాళ్ళు ఆ మాటను విని, నిజమా కాదా అని వాకబు చేసి, సరిచూసుకున్నాకే అందరికీ వినిపించేవారు. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మాట చివర, ఆ పని చేయాల్సిన ఆఫీసరు ఫోన్ నంబర్ కూడా చెప్పేవారు. విన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయనకి ఫోన్ చేసి, ఆ ఊరి కూలి సంగతి ఏమైందండీ అని అడిగేవారు. ఆఫీసరుకి అదొక టెన్షన్. అడవిలో నోరులేనివాడి గోడుకు ముక్కూ మొహం తెలియని నలుగురు వెనక నిలబడినట్టు.

తర్వాత ‘బుల్టూ రేడియో’ అన్నారు. బ్లూటూత్‌ను వాళ్ళలా పిలుస్తారు. నెట్ ఉన్నచోట ఆ మాటలూ పాటలూ దింపుకుని, సిగ్నల్ లేని ఊళ్ళో ఫోన్ నుంచి ఫోన్‌కి పంచుకోవడం. టవర్లు పేల్చేసిన రోజుల్లో కూడా బుల్టూకి అడ్డం లేదు. చిప్పుకి ఇరవై రూపాయలు తీసుకుని నేను చేసే పనే అది, కాకపోతే పుణ్యానికి.

ఇదంతా రేడియోలోనే చెప్పొచ్చుగా, ఫోనెందుకని నాకూ అనుమానం వచ్చింది. అడిగి తెలుసుకున్నాను. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ధర్మాసనంలోనూ మన జీవన్ రెడ్డి గారున్నారు. 2006 నుంచి ఊళ్ళలో పనిచేసే సంస్థలకు కమ్యూనిటీ రేడియో లైసెన్సులూ ఇస్తున్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడవాళ్ళు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు, వాళ్ళ యాసలో, వాళ్ళ విత్తనాల గురించి, వాళ్ళ పాటలతో. కానీ రూలేమిటంటే, ఆ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు గానీ, తమ భాషలోకి మార్చి గానీ వినిపించుకోవచ్చు. పేపర్లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, యూట్యూబ్‌లో నోటికొచ్చింది అరవొచ్చు, ఊరి రేడియోలో మాత్రం నిజమైన వార్త చెప్పకూడదు. ఈ రూలు ఎవరిని కాపాడుతోందో నాకు అర్థం కాదు. మీరు ఎడిటోరియల్ రాయాల్సిన విషయం ఇదీ ఒకటి.

శాంతి కోసం మీడియా ఏం చేయగలదు అనగానే మనవాళ్ళు సభలు పెడతారు. వ్యాసరచన పోటీ, తెల్ల పావురం బొమ్మ, టీ షర్టులు. అడవి పిల్లలకైతే వాలీబాల్ కిట్లు. వాలీబాల్ ఆడితే మంచిదే, నేనూ ఆడతాను. కానీ వాడి దగ్గర చెప్పాల్సిన మాట ఉన్నప్పుడు చేతిలో బంతి పెట్టి పంపిస్తే ఎలా? నేను చూసినంతలో గొడవ ఆపేది శాంతి మీద ఉపన్యాసం కాదు. సరైన టైంకి వచ్చిన చిన్న నిజం, అదీ తెలిసిన గొంతులో.

2018 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు. తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చిన టైంలో ఇద్దరు గుత్తికోయ కుర్రాళ్ళు చార్జింగ్‌కి పెట్టిన ఫోన్ కోసం నా కొట్టు మెట్ల మీద కూర్చున్నారు. తలకు తువ్వాలు, భుజాన సంచి. మా వీధిలోనే ఎవరో ఫోన్ తీసి వీడియోలో మొహాలూ వీళ్ళ మొహాలూ పోల్చి చూడడం మొదలుపెట్టాడు. సంచిలో ఏముంది అన్నాడొకడు. ఏ ఊరు అన్నాడింకొకడు. పెద్దవాడు తెలుగులో తడబడ్డాడు. తడబడితే దొంగే కదా మనకి. చెంప మీద ఒకటి పడింది. నేను ఇద్దర్నీ లోపలికి లాగి షట్టర్ దించేశాను. లోపల ముగ్గురం, బయట షట్టర్ మీద గుద్దులు. ఆ గుద్దులకు గోడకు తగిలించిన పౌచ్‌లు ఊగడం నాకిప్పటికీ కళ్ళ ముందు ఉంది.

సంచిలో రెండు కిలోల ఉల్లిపాయలు, చిన్నపిల్లల గౌను ఒకటి.

వాళ్ళకు కూలి ఇచ్చే మిర్చి రైతు నంబర్ నా రీఛార్జ్ పుస్తకంలో ఉంది. ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి షట్టర్ సందులోంచి బయటికి వినిపించాను. "వాళ్ళు మా కళ్ళంలో పనిచేస్తార్రా, ఎవడ్రా కొట్టింది?" అని ఆయన తిట్టిన తిట్లకు జనం పలచబడ్డారు. ఆయన గొంతు మా ఊరికంతా తెలుసు. అదే పనిచేసింది.

మర్నాడు ఆ ఇద్దరిలో చిన్నవాడు వచ్చాడు. అప్పటికి పదహారేళ్ళుంటాయి, ఆశ్రమ పాఠశాలలో చదివి తెలుగు బాగా నేర్చుకున్నాడు. ముందు రోజు భయానికి నోరు పెగల్లేదంతే. మనమే ఒక మాట రికార్డు చేద్దామా దాదా అన్నాడు. నలభై సెకన్లు. కోయలో ఒకసారి, తెలుగులో ఒకసారి: మేం ఫలానా గూడెం వాళ్ళం, ఫలానా రైతుల దగ్గర పని, సంతకు వస్తాం, ఎవరికైనా అనుమానం వస్తే కొట్టకండి, ఈ రైతుకు ఫోన్ చేయండి. చివర్లో ఆ రైతు గొంతు. నాకు తెలిసిన గ్రూపులన్నింట్లో వేశాను. ఆ నెలంతా ఎక్కించిన ప్రతి చిప్పులోనూ మొదటి పాట స్థానంలో ఆ మాటే పెట్టాను. మాస్ పాట వస్తుందని నొక్కినవాళ్ళు వీడి గొంతు విని విసుక్కున్నారు కూడా. దాని వల్లే మా దగ్గర ఇంకెవరికీ దెబ్బ పడలేదని నేను ప్రమాణం చేయలేను. పడలేదన్నది మాత్రం నిజం.

మొన్న మీ పేజీ మడతపెట్టుకుని వచ్చిన కుర్రాడు వీడే. ఇప్పుడు ఇరవై నాలుగు. నాలుగేళ్ళ వయసులో తండ్రి భుజం మీద ఇటు వచ్చాడు. ఇంటర్ అయ్యాక ఆగిపోయాడు. అటు ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ, ఇటు అడిగితే సర్టిఫికెట్ లేదు. వాడి చిప్పులో ఏముంటుందో ఎక్కించేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. లోపలివాళ్ళ పాటలున్నాయి, పోలీసులు కట్టించిన పాటలున్నాయి, మధ్యలో మన సినిమా పాటలు. ఇన్ని ఏమిట్రా అంటే, "ట్యూన్ బాగుంటే వింటాను దాదా, మాట నాది కాదు కదా" అన్నాడు.

వాడి ఈడువాళ్ళకు విలేకరి పని అంటే ఆశా ఉంది, భయమూ ఉంది. ముకేశ్ చంద్రాకర్ పేరు మీరు రాశారు. మాకు పైన బాసగూడలో పెరిగినవాడు, జుడుం కాలంలో ఊరు వదిలినవాడే. పెద్దయ్యాక ‘బస్తర్ జంక్షన్’ అని యూట్యూబ్ చానల్ పెట్టాడు. 2021 ఏప్రిల్‌లో మా సరిహద్దుకు ఆవల టేకులగూడెం దగ్గర 22 మంది జవాన్లు చనిపోయి, ఒక జవాను మావోయిస్టులకు చిక్కాడు. ఆ జవానును బతికించి తేవడానికి అడవిలోకి వెళ్ళినవాళ్ళలో ముకేశ్ ఉన్నాడు. కెమెరా పట్టినవాడి మాట రెండు పక్షాలూ నమ్మాయి కాబట్టే అది కుదిరింది. అదే ముకేశ్ ఒక రోడ్డు పనిలో అవినీతి బయటపెట్టాక, 2025 జనవరిలో బీజాపూర్‌లో సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. ప్రధాన నిందితుడని పోలీసులు చెప్పిన కాంట్రాక్టరును పట్టుకున్నది మన హైదరాబాద్‌లోనే. తుపాకుల మధ్య తిరిగి బతికినవాడు రోడ్డు కంకర గురించి రాసి పోయాడు. మా కుర్రాడు ఆ వార్త చదివి రెండు రోజులు మాట్లాడలేదు. అందుకని, యువత ముందుకు రావాలి, గొంతెత్తాలి అని తేలిగ్గా రాసేసే వ్యాసాలంటే నాకు మంట. గొంతెత్తినవాడి వెనక ఒక సంస్థ పేరు, ఒక ఐడీ కార్డు, పేపర్ తరఫున వచ్చి నిలబడే లాయరు ఉండాలి. అది లేకుండా పిల్లల్ని ముందుకు తోయకండి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పరిస్థితి మారింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో మా సరిహద్దు కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం బలగాల ఆపరేషన్ జరుగుతుంటే మాకు పగలూ రాత్రీ హెలికాప్టర్ల మోతే. అదే ఏడు నవంబర్‌లో మారేడుమిల్లిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. పెద్ద పెద్ద నాయకులు బయటికొచ్చేశారు. తుపాకి చప్పుడు తగ్గుతోంది, సంతోషమే. కానీ అడవిలో ఇన్నాళ్ళూ ఎవరి మాట చెల్లిందో ఆ మాట ఆగిపోయాక, అక్కడ ఏం వినపడుతుంది? ఇప్పుడు వినపడుతున్నది రీల్స్. తుపాకి పట్టుకున్న ఫొటోకి డీజే పాట, యూనిఫాం వేసుకున్న ఫొటోకి ఇంకో డీజే పాట. బోరింగ్ బాగు చేశారా, తునికాకు కట్టకు ఈ ఏడు రేటెంత, ఆకు కొనే కల్లేదారు డబ్బులు వేశాడా, దవాఖానలో డాక్టర్ ఉన్నాడా అన్నది మాత్రం ఆ ఫోన్లో దొరకదు. మీ పేపర్లోనూ దొరకదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. జిల్లా పేజీలో వారానికి ఒక్క కాలం ఇవ్వండి. తెలుగు లిపిలో కోయ మాట, పక్కనే తెలుగు. మా కొట్టు దగ్గర కూర్చునే పిల్లలు తెలుగు అక్షరాలు చదవగలరు, వాళ్ళ భాషను ఆ అక్షరాల్లో చూస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. అందులో శాంతి మీద ఒక్క ముక్క వద్దు. ధరలు, నీళ్ళు, బడి, ఆస్పత్రి, తప్పిపోయిన మేకలు, పండగ తేదీలు, పుట్టుకలు, చావులు. స్వర వాళ్ళు చేసినట్టు కింద ఆ పని చూసే ఆఫీసరు నంబర్ వేయండి. రాసిన పిల్లలకు డబ్బులివ్వండి, యాడ్స్ తెమ్మని మాత్రం పంపకండి. చదవలేనివాళ్ళ కోసం అదే కాలాన్ని వాళ్ళ గొంతులో రికార్డు చేసి ఇస్తే, చిప్పుల్లో ఎక్కించే పని నాది. ఇరవై రూపాయలు తీసుకోను. ఒక మాట ముందే చెబుతున్నా, వాళ్ళు రాసేది మీకు అన్నిసార్లూ నచ్చదు. పోలీసు గురించీ రాస్తారు, ఫారెస్ట్ గురించీ రాస్తారు, లోపలివాళ్ళు చేసిన హత్యల గురించీ రాస్తారు. తమకు తగిన కూలి ఇవ్వని మా చర్ల రైతుల గురించీ రాస్తారు, వాళ్ళలో మా బావమరిది ఉన్నా ఆశ్చర్యం లేదు. సరిచూసుకుని వేయండి, కానీ వేయండి.

2018 అక్టోబర్ 2న చింతూరు దగ్గర చట్టి నుంచి జగ్దల్‌పూర్ దాకా శాంతి పాదయాత్ర ఒకటి వెళ్ళింది, శుభ్రాంశు గారి ఆధ్వర్యంలోనే. మా వాడు కూడా పోతానన్నాడు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, దారిలో ఎవరు ఫొటో తీస్తారో, ఎవరి చేతిలో పడుతుందో అని. ఆమె భయం ఆమెది. ఇప్పుడు అదే అమ్మ, కొడుకు పేపర్లో రాస్తాడంటే పేరు వేస్తారా అని అడుగుతోంది. వేయాలా వద్దా అన్నది ఆమెకు ఇంకా తేలలేదు. కాబట్టి వాడి పేరు ఇందులో రాయడం లేదు. నా పేరూ వేయకండి, నలుగురి మధ్య కొట్టు నడుపుకునేవాణ్ణి.

ఈ ఉత్తరంతో పాటు మా కుర్రాడు చేత్తో రాసిన మూడు చిన్న వార్తలు జిరాక్స్ తీసి పెడుతున్నాను. కోయలో, కింద తెలుగులో. ఒకటి తునికాకు డబ్బుల గురించి. రెండోది వాళ్ళ గూడెంలో బడి నడిపే వలంటీరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే పలకలు మూలన పడ్డ సంగతి. మూడోది బోరింగ్ గురించి. దాంట్లో మాత్రం ఒక దిద్దుబాటు ఉంది, వాడే ఫోన్ చేసి చెప్పాడు. నిన్న మెకానిక్ వచ్చి వాషర్ మార్చాడట. ఏరు వస్తోంది, కాకపోతే ఇంకా ఎర్రగా వస్తోంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
రీఛార్జ్ కొట్టు, చర్ల,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా